పొడపత్రి తెచ్చిన పోలేరమ్మ

తుపాకుల పోలేరమ్మను రూపశ్రీ మొదటిసారి చూసినది సత్యవేడు దాటిన తరువాత, కంపచెట్ల నడుమ, ఎండ నడినెత్తికెక్కిన వేళ. తిరుపతిలోని ఒక ఫార్మసీ కళాశాలలో పరిశోధన చేస్తున్న రూపశ్రీకి, మధుమేహానికి వాడే పొడపత్రి ఆకు కావలసి వచ్చింది. అంగడిలో కొన్నది కల్తీదని తేలడంతో, ఆకు కోసేవారినే వెదుక్కుంటూ ఆమె అంత దూరం వెళ్లింది. పోలేరమ్మ పలకరింపైనా లేకుండా రెండాకులు చేతిలో పెట్టింది.

"నమిలి ఉమ్మెయ్ పాపా. ఇప్పుడీ సక్కెర నోట్లో ఏసుకో. ఎట్లుండాది?"

"ఇసుక నమిలినట్టుంది, అవ్వా!"

"అట్లుంటేనే మంచి ఆకు. తియ్యగుంటే ఎవురో నిన్ను మోసం చేసినారని తెలుసుకో."

ఆనాటి నుండి నాలుగేళ్లు, నెలకొక గోనెసంచి ఆకు పోలేరమ్మే బస్సులో తెచ్చి ఇచ్చేది. నీడన ఆరిన ఆకును పొడి చేసి, ఆల్కహాలు కలిపిన నీటిలో నానబెట్టి, రూపశ్రీ సారం తీసేది. అయితే ఆ సారం పేగు దాటి నెత్తురులోకి సరిగా చేరదు, అదే చిక్కు. కంటికి కనబడనంత చిన్న కొవ్వు బుడగలలో దానిని పొదిగి పంపితే చేరుతుందేమోనన్నదే ఆమె పరిశోధన.

కళాశాలలో మందును పరీక్షించే ఎలుకల గదిలోకి తొంగిచూసి పోలేరమ్మ మూతి విరిచేది. "బస్సులో నాకు నిలబడేదానికి సోటు లేదు, ఈటికి ఏసీ! వచ్చే జన్మలో నీ దగ్గర ఎలకనై పుడతా."

"పుడితే రోజూ సూది పొడుస్తాను, అవ్వా."

"అయితే వద్దులే తల్లీ."

ఒకనాడు ఎలుకల నెత్తురులో చక్కెర సగానికి దిగింది. సంతోషం పట్టలేక రూపశ్రీ ఆ మాట ముందుగా పోలేరమ్మకే చెప్పింది. మందును ఇంకా మనుషులకు ఇచ్చి చూడలేదన్న మాట మాత్రం చెప్పలేదు. పోలేరమ్మకు ఆరేళ్లుగా మధుమేహమున్నదని ఆమెకు తెలియదు. ఎన్నడూ అడగనూ లేదు.

పోలేరమ్మ ఆస్పత్రి మాత్రలు పారవేసింది. ప్రతి ఉదయం ఆకు నమిలి, నాలుకపై చిటికెడు చక్కెర వేసుకొని చూసేది. తీపి తెలియలేదంటే ఒంట్లో చక్కెర చచ్చినట్టేనని ఆమె నమ్మకం. నాలుక మొద్దుబారడం వేరు, రోగం తగ్గడం వేరు అని చెప్పినవారు లేరు. మధుమేహం ముదిరి స్పర్శ తప్పిన పాదంలో తుమ్మముల్లు దిగిన సంగతి, కాలు నల్లబడి వాసన వేసేదాకా ఆమెకు తెలియనే లేదు.

తిరుపతి ఆస్పత్రిలో మోకాలి కింద కాలు తీసివేశారు. విషం అప్పటికే పైకి పాకింది. కబురు విని రూపశ్రీ పరుగున వెళ్లింది.

"మాత్రలు మానేముందు నన్నొక్క మాట అడగవలసింది, అవ్వా."

"నువ్వే గదమ్మా నవ్వుతా సెప్పినావు, సక్కెర దిగిందని."

రూపశ్రీ తల దించుకుంది. "దిగింది ఎలుకలకు, అవ్వా. తప్పు నాది."

"తప్పులెంచే తీరిక నాకిప్పుడు లేదు." పోలేరమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది, ముసలి వేళ్లు జ్వరంతో కాలిపోతున్నాయి. "మా వాడలో ఇంకా నలుగురు నా మాట ఇని మాత్రలు పారేసినారు. మా తమ్ముడి పెండ్లాం కుప్పమ్మ కూడా. నేను కబురు పెడితే, కాలు పోయి ముసిల్దానికి బెదురు పుట్టిందంటారు. రేపు మొదటి బస్సుకే పో. ఇంటింటికీ పోయి నువ్వే సెప్పు, పాపా."