ఎవరి ఎడమ?

వీధిలో అందరూ ఆవిడను స్విచ్చుల పిన్ని అంటారు. ముందు గదిలో సోఫా ఉండాల్సిన చోట బీరువా అంత పాత కంప్యూటర్ పెట్టుకున్న మనిషిని ఇంకేమంటారు? ఉద్యోగం చేసినన్నాళ్ళూ దాని బాగోగులు చూసింది పిన్నే. ఆఫీసువాళ్ళు దాన్ని పాత ఇనుము కింద అమ్మేస్తామంటే, లారీ మాట్లాడుకుని ఇంటికి తెచ్చేసుకుంది. రిటైరయ్యాక ఎండిపోయిన కెపాసిటర్లు మార్చింది, తెగిన తీగలు అతికింది, బోర్డులన్నీ తుడిచింది. చివరికి ఒకరోజు దాని ముఖాన చిన్న చిన్న దీపాలు వెలిగితే, మసి చేతులతోనే మొగుణ్ణి పట్టుకుని గిరగిరా తిప్పింది.

ఒక్క విషయంలో మాత్రం మహా మొండి. దాని అసలు రూపం చెడకూడదు. ముందు పలక మీద పెచ్చు ఊడిన చోట రంగు వేస్తానన్న పాత స్నేహితురాలితో చాన్నాళ్ళు మాటలు మానేసింది.

అలాంటి పిన్నికి చూపు తగ్గడం మొదలైంది. నడుమ మసక, అంచుల్లోనే కాస్త వెలుగు. పూర్తిగా చీకటి కాదు, అలాగని బాగూ పడదు అని డాక్టరు చెప్పేసింది. వంటా నడకా ఎలాగో నెట్టుకొచ్చింది. యంత్రం స్విచ్చులు వేళ్ళకు తెలుస్తాయి కాబట్టి ప్రోగ్రాం ఎక్కించగలదు. కానీ సరిగ్గా ఎక్కిందో లేదో చెప్పేవి దీపాలే. తన పని తాను చేసుకోలేనని ఒప్పుకోవడం పిన్నికి చూపు పోవడం కంటే కష్టంగా ఉంది.

దీపాలు చదివే పని భర్త మీద పడింది. ఆయన దర్జీ. పక్క గదిలో మిషను ఆపి, మెడలో టేపుతోనే వచ్చి నిలబడేవాడు.

"ఎడమ చివరది వెలిగింది. దాని పక్కది లేదు. తర్వాత రెండూ వెలిగాయి."

ఆయన చెప్పినదాన్ని బట్టి పిన్ని స్విచ్చులు దిద్దుకుంటూ పోయింది. యంత్రం తిక్కతిక్కగా తయారైంది. కూడమంటే ఏదేదో చూపించేది, ఆగమంటే పరిగెత్తేది. పిన్ని బోర్డులన్నీ మళ్ళీ ఊడదీసింది. తన పనితనాన్నే అనుమానించుకుంది. ఒక మధ్యాహ్నం ఇక విసిగిపోయింది.

"ఎడమ చివరది ఏదో నా వేలు పట్టుకుని చూపించండి."

ఆయన ఆ వేలిని తీసుకెళ్ళి కుడి చివర ఆనించాడు.

"ఇది కుడి కదండీ!"

"నీకు కుడి. దానికి ఎడమే కదా! ఎదురుగా నిలబడ్డ మనిషి ఎడమ చెయ్యి ఎటుంటుంది? నా కొలతలన్నీ అలాగే."

పిన్నికి నవ్వాగలేదు. మహానుభావుడు ఇన్నాళ్ళూ యంత్రానికి చొక్కా కొలతలు తీస్తున్నాడు! నవ్వి నవ్వి, ఉన్నట్టుండి ఏడ్చేసింది. తప్పు ఆయనది కాదు. తన యంత్రం మాట ఇంకొకరి నోట వినాల్సి రావడమే ఆవిడకు గుండెకోత.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "నువ్వే అన్నావు కదా, దీపం కింద బెజ్జం పెడితే, అది వెలిగినప్పుడల్లా సన్నని పిన్ను పైకి లేచేలా చెయ్యొచ్చని. వేలితో తడిమి చదువుకోవచ్చని."

"చెయ్యొచ్చు. కానీ పలక నిండా తూట్లు పొడవాలి. ఇక అది అసలుది ఎలా అవుతుంది?"

"ఒంటికి తగ్గట్టు చొక్కా సరిచేస్తాం గానీ, చొక్కాకి తగ్గట్టు ఒళ్ళు కోస్తామా?"

పిన్ని పలక అంచు ఈ కొసనుంచి ఆ కొసదాకా నిమిరింది. తర్వాత, "మీ సుద్దముక్క తెండి" అంది.

గుండీ కాజాలకు పెట్టినట్టే ఆయన ప్రతి దీపం కిందా గుర్తు పెట్టాడు. డ్రిల్లు పట్టింది ఆయనే. మొదటి బెజ్జం పడుతుంటే పిన్ని కళ్ళు గట్టిగా మూసుకుంది, ఎలాగూ సరిగ్గా కనబడకపోయినా సరే. లోపలి తీగల పని మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. ఓరచూపుతో, తడుముకుంటూ, వేళ్ళు కాల్చుకుంటూ తానే పూర్తి చేసింది.

అంతా బిగించాక ప్రోగ్రాం ఎక్కించి, వేళ్ళు పలక మీద ఆన్చింది. ఆయన అలవాటు కొద్దీ నోరు తెరిచాడు.

"మీరు చెప్పకండి."

వేళ్ళు ఒక్కొక్క పిన్నునూ తడుముతూ కదిలాయి. ఒకచోట ఆగాయి. లేవాల్సిన పిన్ను లేవలేదు. పిన్ని స్విచ్చులు మళ్ళీ తడిమి చూసింది. పిన్ను సరిగ్గానే ఉంది, తానే ఒక స్విచ్చు తప్పు వేసింది. తన తప్పు తనకే దొరికినందుకు అంత సంతోషించిన మనిషి ఇంకొకరు ఉండరు. దిద్దుకుని మీట నొక్కింది. జవాబు వేళ్ళ కిందికి వచ్చింది. కూడిక సరిపోయింది.

పిలుస్తుందేమోనని ఆయన ఇంకా పక్కనే నిలబడి ఉన్నాడు.

"ఇంకా ఇక్కడే ఉన్నారేం? వెళ్ళండి, నాకు పనుంది" అంది పిన్ని.

ఆయన ఈల వేసుకుంటూ పక్క గదిలోకి వెళ్ళి మిషను తొక్కడం మొదలుపెట్టాడు.