కడగని పసుపు పట్టు

"అక్కా, ఈ పట్టు కడగొద్దు. మా అత్త వేసింది."

"సరేలే తల్లీ, కడగను."

నాకూ నాగరత్నకూ మధ్య ఆఖరి మాటలివే. 1961, హిందూపురంలో ఒక ఆసుపత్రి, ఆడవాళ్ల వార్డు. మా ఆయన పోయాక అక్కడ ఆయాగా చేరాను. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు సరళ రాస్తోంది.

నాగరత్నను పెనుకొండ నుంచి రైల్లో తెచ్చారు. పుచ్చిన దవడపన్ను నొప్పిని లవంగం నొక్కిపెట్టి పది రోజులు భరించిందట. దవడ కింద వాచి నోరు తెరుచుకోలేదు. డాక్టరు అక్కడ కోసి చీము తీసి, మిగిలింది కారడానికి రబ్బరు గొట్టం పెట్టాడు. దాన్ని డ్రెయిన్ అంటారు. పెన్సిలిన్ సూదులు మొదలుపెట్టాడు. రెండో రోజుకు మెడ వాపు తీసింది, జ్వరం మాత్రం తగ్గలేదు.

ఆ మధ్యాహ్నం ఎద నొప్పి అంటే అత్త పసుపు, సున్నం కలిపి మెడ కింద నుంచి రొమ్ముల దాకా దట్టంగా పూసింది. నేను వేడినీళ్లు తెచ్చాను.

"ఏమ్మా, ఈడ ఇట్లాంటివి పూయగూడదు. డాక్టరుకు తోలు రంగు కనపడాల."

"కత్తి మీది, సూది మీది. మా పసుపేం పాపం చేసినాదే?" అని అత్త విసురుగా బయటికి పోయింది.

నాగరత్న నా చెయ్యి పట్టుకుంది. "పెండ్లయిన ఏడేండ్లకు ఇయ్యాలే ఆమె నన్ను చేత్తో తాకింది," అంది పళ్ల సందునుంచి. ఆ తరువాతవే మొదట చెప్పిన మాటలు.

నీళ్లు తిరిగి మోసుకుపోయాను. అప్పటికే పన్నెండు పడకలు తుడిచిన నడుము. కడక్కుండా వదిలేయడంలో జాలి ఎంతో, అలుపు ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేను. సాయంత్రం రౌండులో ఆమె పైట కప్పుకునే ఉంది. డాక్టరు మెడ చూసి వెళ్లాడు. నేను చెప్పలేదు.

పొద్దునకు ఆయాసం, మాట లేదు. డాక్టరే పట్టు తుడిచాడు. కింద తోలంతా ఎర్రగా కమిలి ఉంది. వేలితో నొక్కితే ఉప్పురాళ్లు నలిగిన చప్పుడు. పంటి చీము మెడలోంచి ఎదలోకి, గుండె చుట్టూ ఉండే సందులోకి దిగిందన్నాడు. దానికి బెంగళూరులో ఎద కోసి తీయాలి. కారు వచ్చేలోపే పోయింది.

"నిన్న చూసుంటే బతికేదా సార్?"

"చెప్పలేను. నిన్ననే పంపేవాణ్ని."

అత్త ఖాళీ గిన్నె పట్టుకుని, "చల్లగుంటాదని పూసినా కదమ్మా," అంది నాతో.

పని మానేదాకా ఎవరు పూసినా, ఎంత ఒట్టు పెట్టినా ముందు కడిగాను. తిట్లు పడ్డాను.

సరళా, "కడగను" అన్నది నేనేనని రాసినావా? అది తీసేయొద్దు. ఏదీ, మొదటినుంచి ఒకసారి చదువు, ఇంటాను.