ఒక పక్క పడిపోయినవాళ్ల లెక్క

ఐకారువా కొండదారి మలుపులో కనిపించగానే ఇళ్లలో నవ్వులు మొదలయ్యేవి. "లెక్కలమ్మ వస్తోంది, బతికున్నవాళ్లంతా బయటికి రండర్రా!" అని ఎవరో ఒకరు కేక వేసేవారు. ఆమెకు కోపం వచ్చేది కాదు. చంకలో కాగితాల సంచి, కాళ్లకు రబ్బరు బూట్లు, తలకు పసుపు గుడ్డ. కిలిమంజారో కింద మచామె ఊళ్లలో ముప్ఫై ఏళ్లుగా ఆమె అదే వేషంతో, అదే ప్రశ్నతో తిరుగుతోంది. పోయినసారి నేను వచ్చి వెళ్లాక ఈ ఇంట్లో ఎవరికైనా పక్షవాతమొచ్చి ఒక పక్క పడిపోయిందా? పడిపోతే, ఉన్నారా పోయారా?

అడగమన్నది పట్నంలోని పెద్దాసుపత్రివాళ్లు. వాళ్లకు కావలసింది అంకెలు. ఐకారువాకు మాత్రం అంకెలు ఎప్పుడూ అంకెల్లా కనిపించలేదు. పొద్దున్నే కొండ మీంచి మబ్బు దిగి అరటితోటల్లో కూర్చునేది. ఆ తెల్లదనంలో నడుస్తుంటే ఏ ఏడాదిలో ఉన్నదో ఆమెకే తెలిసేది కాదు. ఒక వాకిట్లో ముసలాయన చేయి ఊపేవాడు. దగ్గరికి వెళితే ఖాళీ పీట, దాని మీద ఆరేసిన కాఫీ గింజలు. ఆ ముసలాయన పోయి పదకొండేళ్లయిందని అప్పుడు గుర్తొచ్చేది. అయినా ఆ పీటకు దణ్ణం పెట్టి మరీ ముందుకు సాగేది.

మొదటి పదేళ్లలో జవాబు ఎప్పుడూ ఒకటే. "పడ్డాడమ్మా. నెల తిరగలేదు, పోయాడు." ఆమె గీత గీసేది. తర్వాత తర్వాత దారులు బాగుపడ్డాయి. కింద దవాఖానాలో చేతికి పట్టీ చుట్టి రక్తపోటు చూసే నర్సమ్మ వచ్చింది, మాత్రలు వచ్చాయి. అప్పటినుంచి జవాబు మారింది. "పడ్డాడు. అదుగో, చూరు కింద కూర్చున్నాడు చూడు." చూరు కింద ఒంటి చేత్తో చిక్కుడుకాయలు ఒలిచేవాళ్లు ఏటేటా పెరిగారు. చావులు తగ్గాయని పెద్దాసుపత్రివాళ్లు తెగ సంబరపడ్డారు. మంచిదే, ఎవరు కాదన్నారు? కానీ ఆ మనిషిని ఎత్తి కూర్చోబెట్టి, కడిగి, బట్ట మార్చి, ముద్ద పెట్టే ఆడదాని పేరుకే తప్ప ఆమె నడుముకు కాగితంలో ఒక్క గడి కూడా లేదు. ఐకారువాకు అది చూస్తే ఒళ్లు మండేది.

ఆమెను వదలని సంగతి ఇంకొకటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఇంట్లో పడిపోయిన తల్లికి కూతురు మ్తోరి తాగిస్తోంది. అరటికాయా మాంసమూ మెత్తగా ఉడికించిన జావ అది, బాలింతకూ రోగికీ బలమని మావాళ్లకు గట్టి నమ్మకం. వెల్లకిలా పడుకోబెట్టి, గరిటెతో నోట్లో పోస్తోంది. తల్లి కళ్లు తేలేసి దగ్గుతోంది. ఐకారువా వాకిట్లో పెన్సిలు పట్టుకుని, దగ్గు ఆగాక ప్రశ్నలు అడుగుదామని మర్యాదగా నిలబడింది. దగ్గు మూడో రోజుకు ఆగింది, మనిషితో పాటు. జావ దిగాల్సింది కడుపులోకి, దిగింది ఊపిరితిత్తుల్లోకి. ఆ సంగతి ఏళ్ల తర్వాత నర్సమ్మ చెప్పేదాకా ఆమెకు తెలియదు. తెలిశాక వారం రోజులు అన్నం సయించలేదు.

ఇక ఆమె అన్న ఓంబెని సంగతి. తండ్రి పోతూ పోతూ, కాలువ పక్కనున్న అరటి చెట్ల వరుస ఐకారువాకు అని నలుగురి ముందూ చెప్పాడు. మాలో ఆడపిల్లకు నేల ఇవ్వడం అరుదు, అందుకే నలుగురినీ పిలిచి మరీ చెప్పాడు. ఆమె లెక్కలకని పై ఊరికి వెళ్లిన వారంలో ఓంబెని గట్టు మీది ఇసాలె మొక్కలు పీకి, కాలువ అంచుకు జరిపి నాటాడు. ఇసాలె ఎక్కడుంటే అదే సరిహద్దు. తిరిగొచ్చి చూసిన ఐకారువా చర్చి వాకిట్లో, ఆదివారం జనం మధ్యన, "మా అన్న దొంగ!" అని అరిచింది. "నా గేటు దాటావంటే కాళ్లు విరగ్గొడతా," అన్నాడతను. తొమ్మిదేళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఒక మధ్యాహ్నం కాలువ దగ్గర ఎదురైన లెమా తాత ఆమెను ఆపాడు.

"ఏమే, ఊరందరి లెక్కా రాస్తావు, సొంత అన్నది తెలీదా? ఒక పక్క పడిపోయిందే. ఆసుపత్రిలో మూడ్రోజులుంచి నిన్ననే పంపించేశారు."

"మాట్లాడుతున్నాడా తాతా?"

"మాటా లేదు గీటా లేదు. మీ వదిన మ్తోరి పోస్తోంది. పోసినప్పుడల్లా ఒకటే దగ్గు."

తాత గొంతు ఆమెకు ముప్ఫై ఏళ్ల అవతలి నుంచి వినిపించినట్టయింది. ఆ పాత వాకిలి, ఆ పెన్సిలు, ఆ మర్యాద. పరుగెత్తితే పావుగంట దారి. కానీ గేటు? చేతిలో ఏమీ లేకుండా వెళితే వదిన కుక్కను వదులుతుంది.

ముడివేసిన ఇసాలె ఆకు పట్టుకుని వచ్చిన మనిషిని ఎంతటి పగవాడైనా వెనక్కి పంపడు. హత్య చేసినవాడికి కూడా ఆ ఆకు తలుపు తీయిస్తుంది. కానీ ఆకు పట్టుకోవడమంటే తప్పు నాదేనని ఒప్పుకోవడం. తప్పు ఆమెది కాదు. నేల ఆమెది, మాట తండ్రిది, దొంగతనం అన్నది. కాలువ గట్టున ఆమె ఎంతసేపు నిలబడిందో ఆమెకే తెలియదు. నీళ్లు పారుతున్నాయి, మబ్బు కిందికి దిగుతోంది, ఎక్కడో ఎవరో దగ్గుతున్నారు. అన్న జరిపి నాటిన ఆ వరుసలోంచే ఒక ఆకు తెంపి, ముడి వేసింది.

గేటు దగ్గర వదిన మన్కా చేతులు కట్టుకుని నిలబడింది.

"ఏం, రాసుకోడానికొచ్చావా? ఇంకా పోలేదులే. ఓ రెండ్రోజులాగి రా."

ఐకారువా మోకాళ్ల మీద కూర్చుని ఆకు చాపింది. మన్కా కట్టుకున్న చేతులు వదిలేసింది. వెనకాలే ఆయాసపడుతూ వచ్చిన లెమా తాత గడ్డం నిమురుకున్నాడు.

"ఆకు తెచ్చింది, లోపలికి రానివ్వాలి. అయితే వాడు కుడిచేత్తో పుచ్చుకుంటేనే చెల్లు. ఎడంచేత్తో పుచ్చుకుంటే పుచ్చుకోనట్టే."

లోపల ఓంబెని వెల్లకిలా పడుకుని ఉన్నాడు. కుడిచేయి దుప్పటి మీద వేరెవరో మరిచిపోయి వెళ్లిన వస్తువులా పడి ఉంది. చెల్లెల్ని చూసి ఎడంచేయి ఎత్తబోయాడు. తాత "ఊహూఁ" అన్నాడు.

"పుచ్చుకోకపోతే పోనీ తాతా! క్షమించకపోతే మానెయ్యమను, ముందు మనిషిని లేపి కూర్చోబెట్టండి!" అని ఐకారువా గట్టిగా అరిచింది. ఆకును ఆ చచ్చుబడ్డ వేళ్ల మధ్యన పెట్టి, తన రెండు చేతులతో పిడికిలి మూసింది. "వదినా, ఆ గరిటె అవతల పారేసి చెంచా తే. గడ్డం కిందికి వంచాలి. ఒక చెంచా, ఆగు. మింగాక ఇంకోటి."

"ఇట్లా పెడితే సాయంత్రమవుతుంది!"

"అవనీ. నీకు ఇంకేం పని, పెళ్లికి పోవాలా?"

సాయంత్రమే అయింది. ఓంబెని దగ్గకుండా పదిహేను చెంచాలు తాగాడు.

ఆ తర్వాతి ఏడాది ఐకారువాకు ఒకే పొడుగాటి ఉదయంలా గుర్తుంది. రోజూ లెక్కలకు వెళ్లేముందు మబ్బులో నడిచి అన్న ఇంటికి చేరేది. పక్కకు తిప్పడం, వీపు తుడవడం, మడమల కింద అరటి దవ్వ దిండు పెట్టడం. "తగ్గిందిగా, మాత్రలెందుకు?" అని మన్కా మూడుసార్లు మాత్రలు మానిపించింది. మూడుసార్లూ ఇద్దరూ జుట్లు పట్టుకునేంత పని చేశారు, నాలుగోసారి ఆ మాటొచ్చేసరికి ఇద్దరూ కలిసి నవ్వుకున్నారు. ఓంబెని కర్ర పట్టుకుని మూడడుగులు వేశాడు, తర్వాత ముప్ఫై. మాట మాత్రం ముక్కలు ముక్కలుగా వచ్చేది. పదాలు అతని దగ్గరికి వచ్చి, గుర్తుపట్టక వెళ్లిపోయేవి. నేల గురించి అతను ఏమీ అనలేదు. ఆమె అడగలేదు. క్షమించాడో లేదో తెలియని ఆ ముల్లు మాత్రం ఆమెలో అలాగే ఉంది.

ఏడాది నిండాక, పడిపోయి బతికినవాళ్లు ఎలా ఉన్నారో అడిగి రమ్మనే పెద్దాసుపత్రి జాబితాలో అతని పేరు వచ్చింది. సొంతవాళ్ల ఇంటికి వేరే మనిషిని పంపమని అడగాలన్నది పద్ధతి. ఐకారువా ఆ మాట పైవాళ్లకు చెప్పలేదు. కాగితాలు తీసి, చూరు కింద అన్నకు ఎదురుగా కూర్చుంది. ఊరందరినీ అడిగే గొంతుతోనే అడిగింది.

"ఒంటరిగా లేచి నిలబడతారా?"

తల ఊపాడు.

"చొక్కా బొత్తాలు పెట్టుకోగలరా?"

మన్కా కిసుక్కుమంది. అతను అడ్డంగా తలాడించాడు.

"పగటిపూట మిమ్మల్ని చూసుకునేది ఎవరు?"

ఓంబెని ఎడంచేయి మన్కా వైపు చూపించింది. ఇంటివారు అనే గడిలో ఆమె పేరు రాసి, ఐకారువా పేజీ తిప్పబోయింది. అతను అదే చేత్తో కాగితం మీద గట్టిగా కొట్టాడు.

"ఇం...కా. చె...ల్లి."

పెన్సిలు ఆగింది. ఆ మాట విని పదేళ్లయింది. ఐకారువా కాగితం మీంచి కళ్లెత్తకుండా అడిగింది. "పేరు?"

అతని పెదవులు కదిలాయి. నుదుటి మీద చెమట పట్టింది. మన్కా నోరు తెరవబోతే ఐకారువా చేయి అడ్డం పెట్టింది, అందించకూడదని నియమం. ఎంతసేపు వెతికినా పేరు దొరకలేదు. అతని కళ్లల్లోంచి నీళ్లు గడ్డం దాకా కారాయి.

"పోనీలే అన్నయ్యా, నాకు తెలుసు," అంది ఐకారువా.

ముప్ఫై ఏళ్లుగా ప్రతి కాగితం అడుగునా, అడిగినవారు అనే చోట ఆమె తన పేరు రాస్తూనే ఉంది. ఇంటివారు అనే గడిలో రాయడం మాత్రం అదే మొదటిసారి.