గాజుపెంకులు ఎటు పడ్డాయి

రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, ఓ ఏప్రిల్‌లో, భవనాల శాఖ డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా విజయవాడలో చేరాను. కుర్చీ ఇంకా అలవాటు కాకముందే గన్నవరం దగ్గర ఓ రైస్‌మిల్లులో బాయిలరు పేలింది. అందరూ భోజనాలకు వెళ్లిన వేళ కాబట్టి ప్రాణనష్టం లేదు. పోలీసులు కోరగా కూలిన గోడలు చూడటానికి నేను వెళ్లేసరికి కేసు, పక్కింట్లో పచ్చళ్లు పెట్టి అమ్ముకునే మస్తాన్‌బీ మీద పడేలా ఉంది.

మిల్లు మేనేజరు వాదన సూటిగా ఉంది. ఆవిడ ఇంటికి మిల్లు వైపున్న బయటిగోడ నిలబడింది, లోపలి వంటింటి అడ్డుగోడ కూలింది. కాబట్టి గ్యాసు లీకై ముందు పేలింది ఆ ఇంట్లోనే, ఆ అదురుకే తమ బాయిలరు పోయింది. ఆవిడ వంటగ్యాసు సిలిండరు చెక్కుచెదరలేదు కదా అన్నాను. లీకైన గ్యాసు పేలితే సిలిండరు అలాగే ఉంటుందన్నాడు. అదీ నిజమే. చదువుకున్నవాడు.

పేలినప్పుడు పెరట్లో జాడీలు కడుగుతున్న మస్తాన్‌బీకి నాలా తలూపే మర్యాద లేదు. "ఏమయ్యా, నా పొయ్యికే అంత సత్తా ఉంటే ఈపాటికి మీ మిల్లు నేనే కొనేదాన్ని కదా!" అంది.

ఇలాంటి చోట శిథిలాలు ఎత్తకముందే ఏది ఎటు పడిందో పటం గీయాలి. ఇటుక కదపొద్దని ఎస్సై గారికి చెప్పి మొదలుపెట్టాను. అడ్డుగోడ మిల్లుకు అవతలి వైపుకు ఒరిగింది. కిటికీ అద్దాలు దాదాపు అన్నీ ఇంట్లోనే ఉన్నాయి. కొన్ని చెక్కబీరువాలో గుచ్చుకున్నాయి.

"మరి బయటున్న ఈ పెంకులేంటండీ?" అన్నాడు మేనేజరు, కిటికీ కింద గుప్పెడు గాజు చూపించి.

పేలుడు గాలి ముందు తోస్తుంది, వెంటనే కొంచెం వెనక్కి పీలుస్తుంది. ఫ్రేములో వేలాడుతున్న ముక్కలు ఆ పీల్పుకు రాలతాయి. లోపలే పేలి ఉంటే అవి మిల్లు ఆవరణ దాకా ఎగిరేవి, అంత బుద్ధిగా గోడ పక్కన కూర్చునేవి కావు.

బయటిగోడ ఎందుకు నిలిచిందన్నదీ తేలింది. రెండు పెద్ద కిటికీలు, గుమ్మం కలిపి అందులో సగం ఖాళీయే. గాలి లోపలికి చొరబడి గోడకు రెండు వైపులా ఒత్తిడి సర్దుకుంది. చొరబడిన దెబ్బ వెళ్లి సన్నటి అడ్డుగోడను తాకింది. బాయిలరుకు అంతే దూరంలో ఉన్న మిల్లు ఆఫీసుకు, ఏసీ కోసం, కిటికీలు ఇటుకతో మూసేశారు. దాని గోడ మొత్తంగా లోపలికి పడింది. ఆ గోడ సంగతి మేనేజరు అప్పటిదాకా ఎత్తలేదు.

రిపోర్టు వెళ్లాక మస్తాన్‌బీ పేరు కేసులోంచి తీసేశారు. "అయితే ఇకనుంచి కిటికీలు తెరిచి ఉంచమంటారా సారూ?" అని అడిగింది. గోడ బాగు కోసమైతే తెరవమన్నాను. మనుషుల బాగు కోసమైతే బాయిలరునే దూరం జరపాలని రిపోర్టులో రాశానన్నాను.

ఆ తర్వాత ఎక్కడికి పిలిచినా కూలిన గోడను ఆఖర్న చూసేవాణ్ణి. నిలబడ్డ గోడ, అందులోని ఖాళీలు ముందు. కూలిన చోటే పేలిందనుకోవడం తేలిక, ఆ తేలికకు ఓ మనిషి జైలుకు వెళ్లవచ్చు.