మూడో మడి బీన్స్

పన్నెండేళ్ల కిందట యూనివర్సిటీలో మా డిపార్ట్‌మెంట్ వెనక బీన్స్ మడులు ఉండేవి. భాస్వరం ఎంత వేస్తే బీన్స్ ఎలా పెరుగుతుంది, ఎంత కాస్తుంది అన్నదే నా పరిశోధన. మడుల్లో పని సాలమ్మది. పొద్దున్నే తార్నాక నుంచి నడిచి వచ్చేది. ఆమెకు చదువు రాదు. అందుకని భాస్వరం ఉండే సూపర్ ఫాస్ఫేట్ ఎరువు తూచి, ఏ మడికి ఎంతో తెలిసేలా పొట్లాలకు రంగు దారాలు కట్టి ఇచ్చేదాన్ని. పోల్చి చూడటానికి మూడో మడికి మాత్రం ఏమీ వేయకూడదు.

ఆ చలికాలం మూడో మడి మొక్కలు మిగతావాటితో సమానంగా ఏపుగా పెరిగాయి, విరగకాశాయి. ఇక భాస్వరం అక్కర్లేదని రాయాలేమో అనుకుంటూ కాయలు తూస్తుంటే సాలమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"సుధమ్మా, గా మడిల మందు నేనే ఏసిన. నాడు మా పోరికి జరమొచ్చి పరేషాన్ల ఉన్న. చెప్తే పనిలకెల్లి తీసేస్తరని భయపడ్డ."

"మరి ఇప్పుడెందుకు చెబుతున్నావ్?" అని అరిచాను.

"నువ్వు తప్పు రాస్తవ్ గద బిడ్డా. గది చూసి ఎవలన్న రైతు మందెయ్యకుంటె పంట పోతది."

మా ప్రొఫెసర్ వైదేహిగారికి జరిగింది చెప్పాను. "ఆమెను మాన్పించకు. మళ్లీ విత్తుకో" అన్నారావిడ.

పాత మడుల్లో ఎరువు మిగిలి ఉంటుందని, మరుసటి ఏడు పక్కనున్న ఖాళీ నేలలో విత్తాం. పొట్లం విప్పే ముందు సాలమ్మ ప్రతిసారీ దారం చూపించి, "గిదే గద?" అని అడిగేది. ఈసారి భాస్వరం వేయని మొక్కలు గిడసబారాయి, ఆలస్యంగా పూశాయి. మధ్య మోతాదు దాకా కాపు పెరిగింది. అంతకు మించి వేసినా లాభం లేకపోయింది. చివరి కోతనాడు సాలమ్మ జొన్నరొట్టెలూ బీన్స్ కూరా తెచ్చింది. గట్టుమీద కూర్చుని తిన్నాం. ఆ రుచి ఇప్పటికీ నాలుక మీదే ఉంది.

ఇప్పుడు నేను విద్యానగర్‌లో ఓ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. మోకాళ్ల నొప్పులతో సాలమ్మ పని మానేసిందని తెలిసి, మొన్న తార్నాకలో వాళ్లింటికి వెళ్లి, నా థీసిస్‌లో ఆమె పేరున్న పేజీ చదివి వినిపించాను.

"ముందుగాల తప్పైంది గూడ రాసినవా?"

"రాశాను. మొదటి పంట ఎందుకు వదిలేశామో అంతా."

"మంచిగ చేసినవ్" అంది. "కూసో, ఛాయ్ పెడత."