చెవిగారి కుర్చీ

ఆ కార్ఖానాలో ఆయన్ని అందరూ చెవిగారు అనేవారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు జీతాల గుమాస్తా ఒక్కడికే తెలుసు, అతను కూడా ఎదురుపడితే "నమస్కారం చెవిగారూ" అనేవాడు. గిటార్లు చేసే కార్ఖానా అది. కోసేవాళ్ళు కోసేవారు, అతికేవాళ్ళు అతికేవారు, రంగు వేసేవాళ్ళు దగ్గుకుంటూ రంగు వేసేవారు. చెవిగారు మాత్రం కిటికీ పక్కన మెత్త వేసిన కుర్చీలో కూర్చుని, తన ముందుకు తెచ్చిన గిటారు ఒంటిని వేలి కణుపుతో మూడుసార్లు తట్టేవారు. కళ్ళు మూసుకునేవారు. తల ఎడమవైపుకు వంచేవారు. "ఊఁ" అనేవారు. చుట్టూ ఉన్నవాళ్ళు ఊపిరి బిగబట్టేవారు. "గాలి బాగుంది" అంటే ఆ గిటారు రంగు గదికి పోయేది. "మూగది" అంటే వెనక్కి పోయేది. ఈ కష్టానికి అలసిపోయి ఆయన గంటకోసారి టీ తాగేవారు.

వాళ్ళు చేసేవి సగం డొల్ల గిటార్లు. ఈ సంగతి కాస్త విడమరిచి చెప్పుకోవాలి, ఎందుకంటే చెవిగారు కూడా దీన్ని చాలా ఆలస్యంగానే తెలుసుకున్నారు. కరెంటు గిటారు ఒళ్ళంతా గట్టి చెక్క అయితే ఎంత పెద్దగా వాయించినా బెదరదు, కాకపోతే గొంతు కాస్త పొడిగా ఉంటుంది. ఒళ్ళంతా డొల్ల అయితే గొంతు నిండుగా, వెచ్చగా పలుకుతుంది, కానీ స్పీకరు కొంచెం పెంచగానే తన శబ్దం తనకే వచ్చి తగిలి ఊళ పెడుతుంది. అందుకని తెలివైనవాళ్ళెవరో మధ్యేమార్గం కనిపెట్టారు. మెడ దగ్గర్నుంచి తోక దాకా నడిమధ్యన ఒక గట్టి దిమ్మ, దానికి అటూ ఇటూ రెండు ఖాళీ అరలు, పైన పలచటి చెక్క మూత, ఆ మూతకు రెండు పక్కలా వంకీ తిరిగిన చీలికలు. దిమ్మ ఊళను ఆపుతుంది, అరలు గొంతుకు నిండుదనం ఇస్తాయి. అయితే దిమ్మ పైనా కిందా పూర్తిగా అతుక్కోవాలి. ఎక్కడైనా వదిలేసిందంటే అది ఉన్నా లేనట్టే, దొంగతో కుమ్మక్కైన కాపలావాడన్నమాట. మూత మూసేశాక లోపల ఏం జరిగిందో కంటికి కనపడదు. తట్టి వినాల్సిందే. అందుకే ఆ కుర్చీ, అందుకే చెవిగారు.

ఇంత గొప్ప చెవి ఆయనకెలా వచ్చిందని అడిగితే, రాలేదు. మొదట్లో ఆయన ఉప్పుకాగితం పట్టేవారు. పొద్దుగూకే దాకా చెక్క రుద్దడం, ముక్కులో పొడి, జుట్టులో పొడి. ఒకరోజు విసుగెత్తి, ఒక గిటారు ఒంటిని ఒళ్ళో పెట్టుకుని వేళ్ళతో దరువేస్తూ కూర్చున్నారు. తల తిప్పి చూస్తే వెనకాల యజమాని.

"ఏం చేస్తున్నావ్?"

దొరికిపోయిన మనిషి నోటికి ఏది వస్తే అదే. "వింటున్నానండీ. ఇది మూగది."

యజమాని అప్పటికప్పుడు మూత ఊడదీయించాడు. చూస్తే లోపల జిగురు ఆరనే లేదు, దిమ్మ చేత్తో పట్టుకుంటే ఊడివచ్చింది. కాకి వాలింది, తాటిపండు రాలింది. మర్నాటికి కిటికీ పక్కన కుర్చీ వేశారు. కొన్నాళ్ళకు కుర్చీకి మెత్త వచ్చింది, ఆ తర్వాత మనిషికి గారు వచ్చింది.

కుర్చీ ఎక్కాక చెవిగారికి మొదట తెలిసివచ్చిన సత్యం ఏమిటంటే, అన్నీ బాగున్నాయనేవాడికి విలువ ఉండదు. అందుకని అప్పుడప్పుడూ ఒకదాన్ని కాదనేవారు. ఏది కాదనాలో ఆ రోజు మనసును బట్టి ఉండేది. ఇంట్లో మాట పడి వచ్చిన రోజు రెండు కాదనేవారు. కాదన్నవి జిగురు మేస్త్రి దగ్గరికి వెళ్ళేవి. అతను వాటిని ఊడదీసి మళ్ళీ అతకాలి. అంత పిచ్చివాడు కాదు. బీరువా మీద పెట్టి గుడ్డ కప్పి, కొన్నాళ్ళు పోయాక దుమ్ము దులిపి పంపేవాడు. చెవిగారు తట్టి, తల వంచి, "ఇప్పుడు గాలి స్థిరపడింది" అనేవారు. "అంతా మీ చెవి చలవ" అనేవాడు మేస్త్రి. ఒకరి గుట్టు ఒకరు విప్పితే ఇద్దరికీ పని పోతుంది కాబట్టి, ఏళ్ళ తరబడి ఒకరినొకరు ఎంతో గౌరవించుకున్నారు.

ఒక్కసారి మాత్రం పరువు బజారున పడబోయింది. ఊళ అంటే హడలిపోయే వాయిద్యగాడొకడు, తనకు ఒళ్ళంతా గట్టి చెక్కతోనే చేయాలనీ, చూడ్డానికి మాత్రం సగం డొల్లలా కనపడాలనీ అడిగాడు. రంగు గదివాడు చీలికలు కోయకుండా నల్లరంగుతో గీసిపెట్టాడు. అచ్చం నిజమైన వాటిలాగే ఉన్నాయి. అది పొరపాటునో, కావాలనో, చెవిగారి ముందుకు వచ్చింది. తట్టారు. కళ్ళు మూసుకున్నారు.

"ఊఁ. చీలికల దగ్గర గాలి కొంచెం బిగుసుకుంది."

రంగు గదివాడు దగ్గు వచ్చినట్టు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నాడు. యజమాని ముందుకు వంగి చీలిక మీద గోరుతో గీరాడు. "ఇది ఉత్త బొమ్మ కదండీ. లోపల గాలే లేదు!"

చెవిగారు కళ్ళు తెరవలేదు. "నేనన్నది మరేమిటి? బిగుసుకుపోయి బొత్తిగా కదలడం లేదు."

యజమాని పొంగిపోయాడు. చూడకుండానే కనిపెట్టేశారని కనపడిన వాళ్ళందరికీ చెప్పుకున్నాడు. అబద్ధమాడినా అతికినట్టు ఉండాలంటారు. ఆ కార్ఖానాలో అన్నిటికంటే గట్టిగా అతికేది జిగురు మేస్త్రి కాదు, చెవిగారే.

ఇంట్లో మాత్రం ఆ చెవికి చిల్లిగవ్వ విలువ లేదు. భార్య వంటింట్లోంచి పిలిస్తే మూడో కేకకు గానీ పలికేవారు కాదు. "ఎవరివో చెక్కల్లో గాలి వినపడుతుంది, ఇంట్లో మనిషి గొంతు వినపడదు. చెవులు కార్ఖానాలో వదిలేసి వస్తున్నారా ఏంటి?" అని ఆవిడ గిన్నెలతో సహా మోగేది. కూతురి దారి వేరు. నాన్న చెవి అంటే ఆ పిల్లకు ప్రాణం. చిన్నప్పుడు బడిలో చెప్పుకుంది, పెళ్ళయ్యాక అత్తగారింట్లో చెప్పుకుంది. మా నాన్న తట్టి చెప్పాడంటే తిరుగులేదు అనేది. చెవిగారికి ఆ మాట ఎంత దూరం నుంచైనా వినపడేది.

వయసు మీదపడింది. "కుర్చీ ఖాళీగా ఉండకూడదు. మీ తర్వాత కూర్చునేవాణ్ణి మీరే తయారుచేయాలి" అన్నాడు యజమాని. చెవిగారు ఇరుకున పడ్డారు. ఉన్న విద్య నేర్పడమే కష్టం, లేని విద్య ఎలా నేర్పుతారు? బయటివాడు వచ్చి కూర్చుంటే వారం తిరక్కుండా గుట్టు రట్టవుతుంది. ఆలోచించి ఆలోచించి, అదే కార్ఖానాలో పెట్టెలు కట్టే అల్లుడి పేరు చెప్పారు. ఇంటిమనిషి అయితే సర్దుకుపోతాడనుకున్నారు. ఆ అల్లుడు శ్రద్ధగలవాడన్న సంగతి లెక్కలోకి తీసుకోలేదు. శ్రద్ధగలవాడిని మించిన ప్రమాదం లోకంలో ఇంకొకటి లేదు.

"మామయ్యగారూ, తట్టాక ఏం వినాలండీ?" అన్నాడు మొదటిరోజే.

"అప్పుడే వినకండి అల్లుడుగారూ. ముందు తల వంచడం రావాలి."

"ఎంత వంచాలండీ?"

"మరీ వంచితే మెడనొప్పి అనుకుంటారు. సగం చాలు."

"మరి వినడం?"

"అదే వస్తుంది."

"మీకు ఎన్నాళ్ళకు వచ్చిందండీ?"

చెవిగారు టీ గ్లాసు కోసం వెతుక్కున్నారు.

అల్లుడు వదల్లేదు. ఇంటికి వెళ్ళి బల్లనీ, తలుపునీ, నీళ్ళ బిందెనీ తట్టేవాడు. చెవిగారు మాట దాటేయడానికి సూత్రాలు చెప్పేవారు. ఎవరైనా అడ్డు చెబితే గాలి ఇంకా స్థిరపడలేదు, సర్దుకుంటుంది అనాలి. కుర్చీలో ఉన్నవాడి మాటే చివరి మాట, దాని మీద ఇంకెవరి మాటా చెల్లదు. అల్లుడు ఒక్కోటీ పెదాలు కదుపుతూ కంఠస్థం చేశాడు.

చెవిగారికి మొదటిసారి నిజంగా భయం వేసింది. కుర్చీ ఎలాగూ పోతుంది, దాని గురించి కాదు. ఏదో ఒకరోజు ఈ అల్లుడు ఇంటికి వెళ్ళి కూతురితో, మీ నాన్నకు ఏమీ వినపడదు, ఇన్నాళ్ళూ నాటకమాడాడు అంటాడేమోనని. ఆ పిల్ల ముఖం ఎలా మారుతుందో ఆయన తలచుకోలేకపోయారు.

ఆ భయమే ఆయన చేత ఎన్నడూ చేయని పని చేయించింది. మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళాక, బల్ల మీద ఆరబెట్టిన గిటారు దగ్గరికి వెళ్ళి తట్టారు. తల వంచలేదు, కళ్ళు మూసుకోలేదు, చూసేవాళ్ళు లేరుగా. విన్నారు. మొదట్లో వేలినొప్పి తప్ప ఏమీ తెలియలేదు. నాలుగు రోజులు పోయాక నడిమధ్యన తడితే టక్ మంది, పక్కన అర మీద తడితే డుబ్ మంది. చీలిక దగ్గరికి వచ్చేసరికి ఆ డుబ్ పలచబడింది. అరే అనుకున్నారు. తీగలు బిగించిన గిటారొకటి తెచ్చి స్పీకరుకు తగిలించి ఒక తీగ మీటారు. ముందు చెక్క పలికింది, దాని వెనకాల ఖాళీ పలికింది, రెండూ కలిసి నెమ్మదిగా సద్దుమణిగాయి. ఇంకొకటి తట్టి చూశారు. టక్ అన్న వెంటనే లోపల చిట్ మని సన్నగా వినపడింది. జిగురు మేస్త్రి డబ్బాలోంచి పలచటి రేకు తీసి చీలికలోంచి దూర్చి చూస్తే, దిమ్మకూ మూతకూ మధ్య కొస సులువుగా దిగింది. అతకలేదు! ఆ ముసలాయన ఒంటరిగా నిలబడి చప్పట్లు కొట్టారంటే నమ్మండి. జీవితమంతా అన్నం పెట్టిన విద్య, రేపో మాపో ఇంటికి పోతాననగా వచ్చింది.

ఇక ఆగలేకపోయారు. "అల్లుడుగారూ, రండి, అసలు వినడం చూపిస్తా."

"ఎందుకులెండి మామయ్యగారూ" అన్నాడు అల్లుడు వినయంగా. "తల వంచడం బాగా కుదిరింది. వినడం అదే వస్తుందన్నారుగా. వచ్చినట్టే ఉంది."

కుర్చీ అప్పగించే రోజు యజమాని చిన్న సభలాంటిది పెట్టాడు. చెవిగారి భార్య, కూతురు వచ్చారు. కొత్తగా కట్టిన హాలు తెరిచేరోజు వాయించడానికి ఒక వాయిద్యగాడు చేయించుకుంటున్న గిటారును బల్ల మీద పెట్టారు. అల్లుడు మెత్త సర్దుకుని కూర్చున్నాడు. నడిమధ్యన మూడుసార్లు తట్టాడు.

టక్. చిట్. టక్. చిట్. టక్. చిట్.

అంత దూరంలో నిలబడ్డ చెవిగారికి స్పష్టంగా వినపడింది. అల్లుడు కళ్ళు మూసుకున్నాడు. తల ఎడమవైపుకు వంచాడు, సరిగ్గా సగం. "ఊఁ. గాలి బాగుంది."

అందరూ చప్పట్లు కొట్టారు.

"ఆగండాగండి!" చెవిగారు బల్ల దగ్గరికి వచ్చేశారు. "దిమ్మ అతకలేదు. లోపల చిట్ మంటోంది, వినపడలేదా? స్పీకరు పెంచితే ఊళ పెడుతుంది. మూత ఊడదీయించండి."

యజమాని నవ్వాడు. "పెద్దాయనకి కుర్చీ వదలబుద్ధి కావడం లేదు పాపం."

అల్లుడు కళ్ళు తెరిచాడు. "గాలి ఇంకా స్థిరపడలేదండీ, సర్దుకుంటుంది. అయినా కుర్చీలో ఉన్నవాడి మాటే చివరి మాట అని మీరే కదండీ నేర్పారు?"

చెవిగారు కూతురి వైపు చూశారు. ఆ పిల్ల తల దించుకుంది. తర్వాత దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుని, "పద నాన్నా. నలుగురిలో ఎందుకిలా? ఇంక విశ్రాంతి తీసుకో" అంది. ఆయన ఏ ముఖాన్ని చూడాల్సి వస్తుందని ఇన్నాళ్ళూ భయపడ్డారో ఆ ముఖం అదే. నాటకమాడినన్నాళ్ళూ రాలేదు, నిజం చెప్పిన పూట వచ్చింది.

బయట మెట్ల మీద జిగురు మేస్త్రి చేతులు తుడుచుకుంటున్నాడు. "మీరన్నది నిజమే. ఈసారి డబ్బా అడుగున మిగిలిన జిగురు వాడాను, పట్టలేదు" అన్నాడు తాపీగా.

"తెలిసి కూడా లోపల నోరు మెదపలేదేం?"

"మీరు గాలి బాగుందన్న వాటిలో ఇలాంటివి బోలెడు వెళ్ళాయి. అప్పుడు మెదిపానా?"

తను ఊఁ అని పంపించిన గిటార్లు ఏ హాళ్ళలో, ఎవరి చేతుల్లో ఊళ పెట్టాయో, ఏ వాయిద్యగాడు తనకే వాయించడం రాదనుకుని గిటారు మూల పడేశాడో చెవిగారు ఎన్నడూ ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచిస్తే ఏడుపు వచ్చింది. అక్కడే మెట్ల మీద కూలబడి కాసేపు ఏడ్చారు. మేస్త్రి తన గుడ్డ ఇచ్చాడు గానీ దాని నిండా జిగురే.

హాలు తెరిచేరోజు కుటుంబమంతా ముందు వరసలో కూర్చున్నారు. వాయిద్యగాడు మొదటిపాట నెమ్మదిగా వాయించాడు, బాగానే ఉంది. రెండోపాటకు స్పీకరు పెంచాడు. అంతే, గిటారు ఊళ అందుకుంది. వాయిద్యగాడు తీగలన్నీ అరచేత్తో నొక్కేసినా ఆగలేదు. జనం చెవులు మూసుకున్నారు. యజమాని పాలిపోయిన ముఖంతో అల్లుడి వైపు తిరిగాడు.

అల్లుడు కంగారుపడలేదు. లేచి నిలబడి, పక్కనున్న గోడను మూడుసార్లు తట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. తల సగం వంచాడు.

"ఊఁ. హాలు మూగది. గిటారులో ఏ లోపమూ లేదు. కొత్త కట్టడం కదా, ఇక్కడి గాలి ఇంకా స్థిరపడలేదు."

యజమాని ముఖం వెలిగిపోయింది. ముందు వరసవాళ్ళు తలలూపారు, వాళ్ళను చూసి వెనక వరసవాళ్ళు ఊపారు. హాలు కట్టించినాయన చేతులు నలుపుకుంటూ తప్పు తనదే అన్నట్టు నిలబడ్డాడు. గిటారు ఇంకా ఊళ పెడుతూనే ఉంది.

కూతురు ఆనందంతో తండ్రి చెవి దగ్గరికి వంగింది. "చూశావా నాన్నా! అచ్చం నీలాగే."

అంత ఊళలోనూ చెవిగారికి ఆ మాట మొదటిసారికే వినపడింది.