అమ్మాజీ చేరేసరికి

తుని చుట్టుపక్కల పౌరాణిక నాటకాలు జోరుగా ఆడే రోజుల్లో అమ్మాజీ రాణి వేషం కడితే, చివరి వరుసలో చాపేసుకున్నవాళ్లకి కూడా మాట స్పష్టంగా వినపడేది. ఊళ్లలోకి కేబుల్ టీవీ వచ్చాక ఆమెని పిలిచేవాళ్లు తగ్గిపోయారు. భర్త పోయాడు, పిల్లల్లేరు. అప్పుడే త్రినాథరావు నుంచి పక్కింటి ఫోనుకి కబురొచ్చింది. అతను ఒకప్పుడు వాళ్ల బృందంలో తెర లాగినవాడు. హైదరాబాదు వెళ్లి సినిమా కంపెనీలో మేనేజరయ్యాడు.

ముసలితల్లి వేషం ఉందనీ, నాలుగు మాటలున్నాయనీ, పొద్దున పది గంటలకల్లా జూబ్లీహిల్స్‌లో ఉండాలనీ చెప్పాడు. ఫిల్మ్‌నగర్‌లో బస్సు దిగి ముప్పయ్యేడో నంబరు రోడ్డుకి రావాలి, తెల్ల బంగళా, గేటు ముందు జనరేటర్ వ్యాను ఉంటుంది, ఎవరినడిగినా చూపిస్తారన్నాడు.

విశాఖపట్నం తప్ప అమ్మాజీ మరో నగరం చూడలేదు. సికిందరాబాదులో రైలు దిగి, అలవాటు కొద్దీ వెనక తలుపు నుంచి బస్సెక్కితే, ఆడవాళ్లది ముందు తలుపని కండక్టరు కసిరాడు. జనాన్ని తోసుకుంటూ ముందుకెళ్లేసరికి జడ ఊడిపోయింది. ఫిల్మ్‌నగర్ వచ్చిందా అని అడుగుతూనే ఉంది. ఎవరో దిగమన్నట్టు వినపడితే దిగేసింది. అది ఫిల్మ్‌నగర్ కాదు, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు.

రోడ్డు దాటాలి. మెడలో ఆఫీసు కార్డులు వేసుకున్న పిల్లల్ని ఎక్కించుకుని తెల్ల సుమోలు హైటెక్ సిటీ వైపు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. ఊళ్లో చెయ్యెత్తితే లారీ అయినా ఆగుతుంది. ఇక్కడ ఆమె చెయ్యెత్తితే హారన్లు పెరిగాయి. నలుగురు కుర్రాళ్లు దాటుతుంటే వాళ్లతోపాటు పరిగెత్తింది. ఒక చెప్పు నడిరోడ్డు మీద ఉండిపోయింది. వెనక్కి వెళ్లే ధైర్యం లేక రెండోది కూడా విప్పి సంచిలో పెట్టుకుంది.

అక్కడున్న ఆటోవాళ్లు అడ్రసు సరిగ్గా చెప్పమని వెళ్లిపోయారు. చివరికి ఓదెలు అనే షేక్‌పేట మనిషి ఎక్కించుకున్నాడు. ముప్పయ్యారో నంబరు రోడ్డు కనపడగానే, అయితే పక్కది ముప్పయ్యేడే కదా బాబూ అని అమ్మాజీ ఆశగా అడిగింది.

"గట్ల లైనుగ ఉండయమ్మా. ముప్పయ్యారు పక్కన నలభై అయిదు ఉంటది," అన్నాడు ఓదెలు. "మా తాత గీ గుట్టల మీదనే మేకలు మేపిండు. గిప్పుడు నాకే గల్లీలు దొర్కుతలేవు."

బంగళాలన్నీ తెల్లవే. ఒక గేటు ముందు జనరేటర్ వ్యాను కనపడితే అమ్మాజీ గబగబా దిగింది. అది వేరే కంపెనీ షూటింగు. త్రినాథరావు ఎవరో తెలియదని వాచ్‌మన్ గేటు తెరవకుండానే పంపేశాడు. కాయిన్ బాక్సు నుంచి ఫోను చేస్తే త్రినాథరావు సెల్లు ఆపేసి ఉంది. ఎండ నెత్తి మీదికొచ్చింది. వాచ్‌మన్లను అడిగీ అడిగీ, ఎక్కిన గుట్టే మళ్లీ ఎక్కి, ఎట్టకేలకు ఆ ఇల్లు పట్టుకున్నారు.

లోపల హాల్లో, అమ్మాజీ కోసం తెప్పించిన ముతక చీర కట్టుకుని ఇంకో ఆవిడ ఆ నాలుగు మాటలూ చెబుతోంది.

త్రినాథరావు ఆమెని పక్కకి తీసుకెళ్లాడు. అతని కళ్లు ఆమె ఉత్తకాళ్ల మీద పడ్డాయి. "అక్కా, డైరెక్టరు గారు చాలాసేపు ఎదురుచూశారు. ఇంక నా చేతుల్లో లేకపోయింది," అన్నాడు.

దారి తెలియలేదు నాన్నా అని మాత్రం అంది అమ్మాజీ. త్రినాథరావు అన్నం పెట్టించి, ఊరికే పంపడం ఇష్టంలేక, తర్వాతి సీనులో శవం చుట్టూ ఏడ్చే ఆడవాళ్లలో వెనకాల నిలబెట్టాడు. యాక్షన్ అనగానే అందరూ కొంగులు కళ్లకి పెట్టుకున్నారు. అమ్మాజీకి పొద్దుటినుంచి ఆపుకున్న ఏడుపంతా ఒక్కసారి బయటికొచ్చింది. కట్ అన్నా ఆగలేదు. అసిస్టెంటు వచ్చి, ముందున్న ఆర్టిస్టు డైలాగు వినపడటం లేదనీ, శబ్దం రాకుండా ఏడవమనీ చెప్పాడు. తర్వాత షాట్‌లో ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

సాయంత్రం, ఆ ఏడ్చేవాళ్లలో తన పక్కన నిలబడ్డ బాలాత్రిపురసుందరి, ఆవిడ రాజమండ్రి మనిషి, ఈ రద్దీలో స్టేషనుకి ఒంటరిగా ఎలా పోతావని జాలిపడి, మధురానగర్‌లో తన గదికి తీసుకెళ్లింది. రేపు రైలెక్కేస్తానంది అమ్మాజీ. పొద్దున్నే జూనియర్ ఆర్టిస్టుల వ్యాను వచ్చి హారన్ కొట్టింది. ఊరెళ్లినా పిలిచేవాళ్లు లేరని గుర్తొచ్చి ఎక్కింది.

అలా ఏళ్లు గడిచాయి. పెళ్లిళ్లలో అక్షింతలు వేసింది, కోర్టుల్లో బెంచీ మీద కూర్చుంది, శవాల పక్కన ఏడ్చింది. మాటలున్న వేషం మాత్రం రాలేదు. త్రినాథరావు ఆ కంపెనీ మూతపడ్డాక ఎటు పోయాడో తెలియలేదు. వ్యాను తీసుకెళ్తుంది, వ్యాను దింపుతుంది. అంతకుమించి ఆమెకి ఆ నగరం తెలియదు.

ఒకసారి షేక్‌పేట దగ్గర వ్యాను చెడిపోయింది. ఆఫీసులు వదిలే వేళ. ఆడవాళ్లంతా దొరికిన బస్సూ ఆటో పట్టుకుని పోయారు. బాలాత్రిపురసుందరి అప్పటికి జబ్బుచేసి రావడం మానేసింది. ఇంకా ఎందుకు నిలబడ్డావని డ్రైవరు అడిగాడు.

"బాగయ్యాక వెళ్దాం బాబూ," అంది అమ్మాజీ.

ఇయ్యాల బాగుకాదమ్మా అని అతను చెప్పాడు. ఆమె విన్నది. వాహనాలతో నిండిపోయిన రోడ్డు వైపు కాసేపు చూసి, ఖాళీ వ్యాను ఎక్కి తన సీట్లో కూర్చుంది.